సౌర విద్యుత్తు ఇంట్లో సంగీతం: యాంప్లిఫయర్ ఇచ్చేదెంత, తీసుకునేదెంత?

విద్యుత్ తీగలు చేరని ఇంట్లో సౌర ఫలకాన్నే నమ్ముకున్న కుటుంబం దీపం కొన్నా, ఫ్యాను కొన్నా అది ఎన్ని వాట్లు తీసుకుంటుందో ముందుగా విచారిస్తుంది. యాంప్లిఫయర్ విషయంలో మాత్రం, పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన వాట్ల సంఖ్య స్పీకర్‌కు ఇవ్వగలిగినదే తప్ప బ్యాటరీ నుంచి తీసుకునేది కాదన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. ఈ రెండింటికీ పొంతన ఉండాలన్న నియమం లేదు. ఒక్కో స్పీకర్‌కు 5 వాట్లకు మించి ఇవ్వలేని వాల్వు యాంప్లిఫయర్ 40 వాట్లు మింగవచ్చు. 50 వాట్లు ఇవ్వగల మరో యాంప్లిఫయర్ మామూలు స్థాయిలో పాట వినిపిస్తున్నంతసేపూ రెండు వాట్లతో సరిపెట్టుకోవచ్చు. గ్రిడ్‌తో సంబంధం లేని ఇంటికి ధ్వని పరికరాన్ని ఎంచుకోవడంలో మొదటి సూత్రం ఇక్కడే ఉంది: అది ఎంత గట్టిగా అరవగలదన్నది కాక, మెల్లగా పాడుతున్నప్పుడు ఎంత ఖర్చు పెడుతుందన్నదే కొలమానం కావాలి.

రోజువారీ విద్యుత్ లెక్క

సౌర గృహంలో ఖర్చును వాట్-గంటలలో లెక్కిస్తారు. 10 వాట్ల పరికరం 3 గంటలు పనిచేస్తే 30 వాట్-గంటలు ఖర్చయినట్టు. కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబర్ 25న ప్రారంభించిన ‘సౌభాగ్య’ పథకం, తీగలు వేయడం సాధ్యం కాని మారుమూల ఇళ్ల కోసం 200 నుంచి 300 వాట్ల ఫలకం, బ్యాటరీ, అయిదు ఎల్‌ఈడీ దీపాలు, ఒక డీసీ ఫ్యాను, ఒక డీసీ ప్లగ్గు ఉన్న సౌర విద్యుత్ కిట్టును నిర్దేశించింది. ఇటువంటి కిట్టునే ఆధారంగా తీసుకుంటే సమస్య స్పష్టమవుతుంది.

తెలుగు ప్రాంతాలలో ఏడాది సగటున రోజుకు సుమారు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన సౌరశక్తి లభిస్తుంది కాబట్టి, 200 వాట్ల ఫలకం లెక్కప్రకారం 1000 వాట్-గంటలు ఇవ్వాలి. అయితే ఎండ వేడికి ఫలకం పనితీరు తగ్గడం, దుమ్ము, చార్జ్ కంట్రోలర్‌లోను బ్యాటరీలోను జరిగే నష్టం కలిసి అందులో దాదాపు మూడో వంతును హరిస్తాయి గనుక చేతికి అందేది 650 వాట్-గంటలని అనుకోవచ్చు. ఎనిమిది వాట్ల దీపాలు అయిదు, అయిదేసి గంటలు వెలిగితే 200. 28 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే 280. ఫోన్ల చార్జింగ్‌కు 30. ఇవి పోగా మిగిలేది 140 వాట్-గంటలు మాత్రమే. ముసురు పట్టిన రోజున ఫలకం ఇచ్చేది నాలుగో వంతుకు కూడా పడిపోవచ్చు కాబట్టి, ఆ మిగులును కూడా పూర్తిగా వాడుకోదగినదిగా భావించడానికి వీల్లేదు.

ఇటువంటి ఇంటికి పట్టణంలో బంధువులు వాడి ఇచ్చిన పాత స్టీరియో యాంప్లిఫయర్ చేరిందనుకుంటే, అది 230 వోల్ట్ల ఏసీతో నడిచేది కనుక బ్యాటరీలోని డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ తప్పనిసరి అవుతుంది. ఏ పరికరమూ తగిలించకుండా ఆన్‌లో ఉంచినంత మాత్రాన చిన్న ఇన్వర్టర్ కూడా 10 వాట్ల దాకా తినేస్తుంది. మార్పిడిలో మరో 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది. ఇక యాంప్లిఫయర్, శబ్దం లేకుండా ఊరికే ఉన్నప్పుడే 30 వాట్లు తీసుకునే రకమైతే, బ్యాటరీ మీద పడే మొత్తం భారం 45 వాట్లకు చేరుతుంది. నాలుగు గంటల పాటలకు 180 వాట్-గంటలు, అంటే మిగులు మొత్తం పోయి ఫ్యాను గంటలలో కోత పడుతుంది. దానికి బదులు కిట్టులోని డీసీ ప్లగ్గు నుంచి నేరుగా 3 వాట్లతో నడిచే మరో యాంప్లిఫయర్ ఉంటే నాలుగు గంటలకు అయ్యే ఖర్చు 12 వాట్-గంటలే. వినిపించే పాట ఒకటే, దాని స్థాయి ఒకటే. ఖర్చు మాత్రం పదిహేనో వంతు.

చెవికి చాలినంత ఎంత?

ఇంత తక్కువ విద్యుత్తుతో సరైన ధ్వని వస్తుందా అన్న సందేహం సహజమే. దానికి సమాధానం డెసిబెల్ లెక్కలో ఉంది. ధ్వని తీవ్రతను కొలిచే ఈ ప్రమాణంలో 3 డెసిబెల్‌లు పెరగాలంటే విద్యుత్ శక్తి రెట్టింపు కావాలి, 10 డెసిబెల్‌లు పెరగాలంటే పది రెట్లు కావాలి. కానీ ఆ పది రెట్ల శక్తిని చెవి దాదాపు రెట్టింపు శబ్దంగా మాత్రమే గ్రహిస్తుంది. స్పీకర్‌కు ఒక వాట్ ఇచ్చినప్పుడు మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వినిపిస్తుందో తెలిపే సంఖ్యను సెన్సిటివిటీ అంటారు.

ఇళ్లలో వాడే మామూలు స్పీకర్లకు ఈ సంఖ్య 88 దగ్గర ఉంటుంది. అటువంటివి రెండు పెట్టుకుని రెండున్నర మీటర్ల దూరంలో కూర్చున్న శ్రోతకు, మామూలు సంభాషణ కన్నా బాగా గట్టిదైన 75 డెసిబెల్‌ల సగటు స్థాయిలో పాట వినిపించడానికి ఒక్కో స్పీకర్‌కు కావలసింది 0.16 వాట్ మాత్రమే. సంగీతం సగటు స్థాయిలోనే సాగదన్నది నిజం. మృదంగం మీద బలంగా పడిన దెబ్బ, డప్పు మోత, నాదస్వరం ఒక్కసారిగా పైకి ఎగసిన క్షణం సగటు కన్నా 15 డెసిబెల్‌ల దాకా ఎత్తుకు పోతాయి. ఆ క్షణాలకు ముప్ఫై రెట్ల శక్తి కావాలి. అప్పుడు కూడా ఒక్కో స్పీకర్‌కు పట్టేది 5 వాట్లే, అదీ రెప్పపాటు కాలమే. కాబట్టి గదిలో హాయిగా పాటలు వినడానికి ఒక్కో వైపు 10 వాట్లు నిక్కంగా ఇవ్వగల యాంప్లిఫయర్ సరిపోతుంది. వంద, రెండు వందల వాట్ల శక్తి సౌర గృహంలో వాడకానికి రాదు.

ఊరికే తినే విద్యుత్తు

శ్రోతకు అవసరమయ్యేది వాట్‌లో చిన్న భాగమే అయినప్పుడు, మిగిలిన ఖర్చంతా యాంప్లిఫయర్ తనను తాను సిద్ధంగా ఉంచుకోవడానికే అవుతుంది. నిశ్శబ్దంలో కూడా సాగే ఈ ఖర్చును ఐడిల్ వినియోగం అంటారు. ఇది యాంప్లిఫయర్ ఏ తరగతికి చెందినదన్న దాని మీద, దాని లోపలి సరఫరా ఎన్ని వోల్ట్లదన్న దాని మీద ఆధారపడుతుంది.

క్లాస్ ఎ తరగతిలో ట్రాన్సిస్టర్ గుండా పూర్తి కరెంటు ఎల్లవేళలా ప్రవహిస్తూనే ఉంటుంది. దీని దక్షత, అంటే తీసుకున్న శక్తిలో స్పీకర్‌కు చేరే వాటా, సిద్ధాంతరీత్యానే సర్క్యూట్ రకాన్ని బట్టి 25 నుంచి 50 శాతం లోపు. అదీ పూర్తి శబ్దంలో మాత్రమే. మెల్లగా వింటున్నప్పుడు దాదాపు అంతా వేడే. తీయని ధ్వనికి పేరుపడిన వాల్వు యాంప్లిఫయర్లలోనూ ఇదే ఇబ్బంది. ఈఎల్84 అనే చిన్న వాల్వు లోపలి తీగను ఎర్రగా వేడెక్కించడానికే 4.8 వాట్లు కావాలి; పాటకు పనికివచ్చే కరెంటు దాని మీద అదనం. ధ్వని సౌందర్యం దృష్ట్యా వాటిని ప్రేమించేవారి అభిరుచిని తప్పుపట్టవలసిన పని లేదు గానీ, బ్యాటరీ మీద బతికే ఇంటికి అవి తగినవి కావు.

ఇళ్లలోని చాలా స్టీరియో యాంప్లిఫయర్లు క్లాస్ ఎబి తరగతివి. వీటిలో రెండు ట్రాన్సిస్టర్లు ధ్వని తరంగంలోని చెరో సగాన్ని మోస్తూ, ఒకదాని నుంచి మరొకదానికి భారం మారే చోట వక్రత, అంటే ధ్వని రూపం చెదరడం, రాకుండా రెండింటిలోనూ కొద్దిపాటి కరెంటు నిరంతరం పారుతూ ఉంటుంది. ఆ కరెంటు చిన్నదే అయినా లోపలి సరఫరా 60, 70 వోల్ట్లున్న పెద్ద యాంప్లిఫయర్లలో వాట్లుగా పెద్దదవుతుంది. 12 వోల్ట్లతో నడిచే చిన్న క్లాస్ ఎబి చిప్పుల సంగతి వేరు. ఊరి మెకానిక్కులు ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన ఎల్‌ఏ4440 ఐసీ నిశ్శబ్దంలో తీసుకునేది 100 మిల్లీఆంపియర్లు, అంటే ఇంచుమించు ఒకటింబావు వాట్. మామూలు స్థాయిలో పాట వినిపించినా ఈ జాతి యాంప్లిఫయర్ల ఖర్చు 4, 5 వాట్లకు మించదు. ఇంట్లో ఇటువంటిది పనిచేసే స్థితిలో ఉంటే దాన్ని పారేసి కొత్తది కొనవలసిన అవసరం లేదు.

క్లాస్ డి ఎలా పొదుపు చేస్తుంది?

క్లాస్ డి యాంప్లిఫయర్ పనిచేసే తీరు వేరు. పై తరగతులలో ట్రాన్సిస్టర్ సగం తిప్పిన కుళాయిలా కరెంటును అడ్డగిస్తూ నియంత్రిస్తుంది, అలా అడ్డగించడంలోనే వేడి పుడుతుంది. క్లాస్ డిలో అదే ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం అన్న రెండు స్థితులలోనే ఉంటుంది. సెకనుకు కొన్ని లక్షల సార్లు జరిగే ఈ తెరవడం, మూయడంలో తెరిచి ఉంచే కాలాన్ని ధ్వని తరంగానికి అనుగుణంగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, చివరన ఉండే తీగచుట్ట, కెపాసిటర్ కలిసి ఆ ముక్కలను తిరిగి సాఫీ తరంగంగా మారుస్తాయి. పూర్తిగా తెరిచినప్పుడు అడ్డు లేదు, మూసినప్పుడు ప్రవాహమే లేదు కాబట్టి వేడి చాలా తక్కువ. దక్షత పూర్తి శబ్దంలో 90 శాతం దాకా చేరుతుంది. హీట్ సింక్ అని పిలిచే అల్యూమినియం రెక్కలు వీటికి చిన్నవి చాలడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో క్లైవ్ సింక్లేర్ సంస్థ 1964లోనే ‘ఎక్స్-10’ పేరుతో ఇటువంటి కిట్టును అమ్మింది. ఆనాటి ట్రాన్సిస్టర్లకు తగినంత వేగం లేకపోవడంతో అది చెప్పినంత శక్తి ఇవ్వలేకపోయింది. భారతీయ మూలాలున్న ఇంజనీరు ఆద్యా త్రిపాఠీ 1995లో అమెరికాలో స్థాపించిన ట్రైపాత్ సంస్థ రూపొందించిన టీఏ2020 చిప్పుతో, 12 వోల్ట్ల సరఫరా మీద నడుస్తూనే శ్రద్ధగల శ్రోతలను మెప్పించే చవక యాంప్లిఫయర్లు సాధ్యమయ్యాయి. ప్రపంచాన్ని కదిలించిన 25 మైక్రోచిప్పుల జాబితాను ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక 2009లో ప్రకటించినప్పుడు అందులో ఈ చిప్పుకు చోటు దక్కింది. సంస్థ అప్పటికే మూతపడినా ఆ బాట మిగిలింది. ఈనాడు విరివిగా దొరికే టీపీఏ3116 చిప్పు 4.5 నుంచి 26 వోల్ట్ల మధ్య ఎంత సరఫరా ఉన్నా పనిచేస్తుంది. దానితో చేసిన బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, గదిలో వినే స్థాయిలో దాని ఖర్చు రెండు వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది.

12 వోల్ట్ల హద్దు

బ్యాటరీకి నేరుగా తగిలించిన యాంప్లిఫయర్ ఎంత శక్తి ఇవ్వగలదన్నది ప్రకటనలను బట్టి కాక భౌతికశాస్త్రాన్ని బట్టి ఉంటుంది. బ్రిడ్జ్ పద్ధతిలో, అంటే స్పీకర్ రెండు కొసలనూ యాంప్లిఫయరే నడిపే పద్ధతిలో, 12 వోల్ట్లతో 8 ఓమ్‌ల స్పీకర్‌కు అందగలిగేది వక్రత లేకుండా గరిష్ఠంగా 9 వాట్లు, 4 ఓమ్‌ల స్పీకర్‌కు 18 వాట్లు. చిప్పులో జరిగే నష్టం పోగా నిజంగా చేరేది ఇంకాస్త తక్కువ. 12 వోల్ట్ల పెట్టె మీద వందల వాట్ల సంఖ్య కనిపిస్తే, వోల్టేజిని పెంచే సర్క్యూట్ లోపల ఉంటే తప్ప, అది నమ్మదగినది కాదు. అయితే పైన చూసిన లెక్క ప్రకారం గదికి కావలసిన 5 వాట్ల శిఖరం ఈ హద్దుకు లోబడే ఉంటుంది కాబట్టి, 12 వోల్ట్లు చాలవేమోనన్న భయం అక్కర్లేదు.

కొనేముందు సరఫరా పరిధిని తప్పక సరిచూసుకోవాలి. 12 వోల్ట్ల బ్యాటరీ ఎండలో చార్జ్ అవుతున్నప్పుడు 14.4 వోల్ట్ల దాకా ఎక్కుతుంది, ఖాళీ అవుతున్నప్పుడు 12 కన్నా కిందికి దిగుతుంది. 24 వోల్ట్ల బ్యాటరీ చార్జింగ్‌లో 28 వోల్ట్లు దాటుతుంది గనుక, 26 వోల్ట్ల హద్దున్న టీపీఏ3116 బోర్డును దానికి నేరుగా కలిపితే మొదటి ఎండరోజునే కాలిపోవచ్చు. అలాంటి ఇళ్లలోను, మద్రాసు ఐఐటీ ప్రోత్సహించిన 48 వోల్ట్ల డీసీ పద్ధతి ఉన్న ఇళ్లలోను వోల్టేజిని తగ్గించే కన్వర్టర్ మధ్యలో ఉండాలి. యాంప్లిఫయర్‌ను సౌర ఫలకానికి నేరుగా కలపడం మరీ ప్రమాదం. 12 వోల్ట్ల ఫలకమని పిలిచేదే భారం లేనప్పుడు 21 వోల్ట్లకు పైగా ఇస్తుంది.

స్పీకర్‌లోనూ పొదుపు

ధ్వని వ్యవస్థలో తనకు అందిన శక్తిలో అన్నిటికన్నా ఎక్కువ వాటాను వృథా చేసేది స్పీకర్. 88 డెసిబెల్‌ల సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తనకు అందిన విద్యుత్తులో శబ్దంగా మార్చేది అర శాతం కూడా ఉండదు. మిగిలినదంతా దాని తీగచుట్టను వేడెక్కించడానికే సరిపోతుంది. 94 డెసిబెల్‌ల స్పీకర్ అదే శబ్దాన్ని నాలుగో వంతు శక్తితో వినిపిస్తుంది. 82 డెసిబెల్‌ల చిన్న అందమైన పెట్టెకు మాత్రం నాలుగు రెట్లు పెట్టాలి, అప్పుడు మృదంగపు దెబ్బకు కావలసిన 20 వాట్లు 12 వోల్ట్ల సరఫరా మీద 8 ఓమ్‌ల స్పీకర్‌కు అందవు, ధ్వని చీలిపోతుంది. బేస్ ఎక్కువ రావాలని చిన్న పెట్టెలో బరువైన కోన్ బిగించి చేసిన స్పీకర్లు సాధారణంగా ఇటువంటివే.

బ్యాటరీతో నడిచే మైకుసెట్ల వారికి ఈ సత్యం ఎన్నడో తెలుసు. 12 వోల్ట్ల యాంప్లిఫయర్‌కు హారన్ స్పీకర్ తగిలించి ఊరంతా వినిపించగలగడానికి కారణం, మెల్లగా వెడల్పయ్యే ఆ గొట్టం చిన్న డయాఫ్రమ్ కదలికను గాలికి సమర్థంగా అందించడమే. దాని సెన్సిటివిటీ వందకు పైమాటే. మంద్ర స్వరాలను హారన్ పలికించలేదు కాబట్టి ఇంట్లో సంగీతానికి పనికిరాదు గానీ, అది నేర్పే పాఠం పనికివస్తుంది. ఎనిమిది అంగుళాలో అంతకు మించో వ్యాసం, తేలికైన కాగితపు కోన్ ఉన్న స్పీకర్‌ను విశాలమైన చెక్క పెట్టెలో బిగిస్తే, యాంప్లిఫయర్ మార్చకుండానే శబ్దం పెరుగుతుంది. పాత రేడియోగ్రామ్‌ల పెట్టెలు అంత పెద్దవిగా ఉండడానికి కారణాలలో ఇదీ ఒకటి.

రొద, రక్షణ

సౌర గృహానికి ప్రత్యేకమైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. చార్జ్ కంట్రోలర్, క్లాస్ డి యాంప్లిఫయర్ రెండూ వేగంగా స్విచ్ అయ్యే పరికరాలే కాబట్టి, 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉండే మీడియం వేవ్ పట్టీలోకి వాటి రొద చొరబడి ఆకాశవాణి ప్రసారాలను చెడగొట్టగలదు. స్పీకర్ తీగలను పొట్టిగా, ఒకదానితో ఒకటి పెనవేసి ఉంచడం, రేడియోను ఆ పరికరాలకు దూరంగా పెట్టడం దీనికి విరుగుడు. ఒకే బ్యాటరీ మీద ఫోన్‌ను చార్జ్ చేస్తూ అదే ఫోన్ నుంచి తీగ ద్వారా పాట వినిపిస్తే సన్నని ఈల వంటి శబ్దం రావడం సాధారణం. రెండు పరికరాల నెగటివ్ తీగలు రెండు దారులలో కలుసుకోవడం దీనికి కారణం. చార్జర్ తీసేసినా, బ్లూటూత్ వాడినా, మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పోతుంది.

బ్రిడ్జ్ పద్ధతి యాంప్లిఫయర్లలో స్పీకర్ తీగలు రెండూ సజీవమైనవే కాబట్టి, రెండు స్పీకర్ల నల్లతీగలను ఒకటిగా కలపడం, వాటిని నెగటివ్‌కు తగిలించడం చిప్పుకు చేటు. బ్యాటరీ లఘు వలయంలో వందల ఆంపియర్లు కుమ్మరించగలదు, దాని దగ్గర 3 ఆంపియర్ల ఫ్యూజు లేకుండా తీగ లాగితే అది నిప్పుకు దారి తీయగలదు. యాంప్లిఫయర్‌ను బ్యాటరీ కొసలకు కాక చార్జ్ కంట్రోలర్‌లో లోడ్ అని రాసి ఉన్న చోట కలిపితే, బ్యాటరీ మరీ దిగిపోకముందే సరఫరా దానంతటదే ఆగిపోతుంది. సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తూ పోతే సీసపు బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త ఎంతో విలువైనది.

ఎంపిక క్రమం

వార్తలు, నాటకాలు, హరికథ వినడమే ముఖ్యమైతే, 5 వోల్ట్ల యూఎస్‌బీ సరఫరాతో నడిచే పీఏఎం8403 వంటి 3 వాట్ల చిన్న బోర్డు, ఒక మంచి స్పీకర్ చాలు. నిశ్శబ్దంలో దాని ఖర్చు వాట్‌లో పదో వంతు కూడా ఉండదు. గదిలో సంగీతానికి 12 వోల్ట్ల క్లాస్ డి బోర్డు, 88కి తగ్గని సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు తగినవి. అరుగు మీద పదిమంది కూర్చుని వినే ఇంట్లో గోడల సాయం లేక శబ్దం చెదిరిపోతుంది గనుక, డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే పెద్ద యాంప్లిఫయర్ మీద కాక 92, 94 డెసిబెల్‌ల స్పీకర్ల మీద పెట్టాలి. ఏది కొన్నా దుకాణంలోనే 12 వోల్ట్ల సరఫరాకు వరుసలో మల్టీమీటర్ పెట్టించి, పాట ఆపినప్పుడు ఎన్ని మిల్లీఆంపియర్లు చూపుతుందో కళ్లారా చూసుకోవడం మంచిది. 200 దాటితే మరొకటి అడగాలి.

తీగలు రాని ఊళ్లకు సౌర కిట్టు వెళ్లినప్పుడు వెలుతురు, గాలి, ఫోను అవసరాలుగాను, పాట విలాసంగాను లెక్కకు వస్తున్నాయి. రోజుకు 12 వాట్-గంటలు ఒక ఎల్‌ఈడీ దీపం గంటన్నర వెలగడానికి అయ్యే ఖర్చుతో సమానం. అంత తక్కువలో నాలుగు గంటల సంగీతం నిండుగా, స్పష్టంగా అందగలిగినప్పుడు, పాటను వదులుకోవాలని సౌర గృహవాసికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కిట్టు రూపొందించేవారు ఆ డీసీ ప్లగ్గు పక్కన మంచి స్పీకర్ ఉన్న చిన్న ధ్వని పెట్టెను కూడా చేర్చితే, ఫలకం పరిమాణం ఒక్క వాట్ కూడా పెంచవలసిన అవసరం రాదు.